జమీందార్లని తిట్టి, జమీందారునే చైర్మన్ చేసిన మంత్రి

1941 ఫిబ్రవరిలో చర్చిల్ లేబర్ పార్టీ ఎంపీ టామ్ జాన్‌స్టన్‌ని పిలిపించి స్కాట్లండ్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉండమన్నాడు. అప్పట్లో ఎడిన్‌బరాలో వేరే పార్లమెంటు లేదు కాబట్టి స్కాట్లండ్ వరకు స్కూళ్ళు, ఆసుపత్రులు, ఇళ్ళు, పొలాలు అన్నీ ఈ ఒక్క మంత్రి కిందకే వచ్చేవి. మామూలుగా అయితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు, ఈయనేమో బేరం పెట్టాడు. యుద్ధం అయ్యేదాకా జీతం వద్దన్నాడు, అది ఒకటి. రెండోది ఇంకా విచిత్రం, నాకంటే ముందు ఈ పదవి చేసి ఇంకా బతికున్న పాత మంత్రులందరినీ ఒక కౌన్సిల్‌గా కూర్చోబెడతాను, వాళ్ళందరూ ఒప్పుకున్న పనికి మీరు లండన్‌లో అడ్డం పడకూడదు అన్నాడు. చర్చిల్ సరే అన్నాడు, అందరూ ఒక్కమాట మీద వస్తే నేనెందుకు కాదంటాను అని. వాళ్ళెక్కడ ఒక్కమాట మీదకొస్తారులే అని లోపల అనుకున్నాడేమో మరి!

ఆ కౌన్సిల్లో కూర్చున్న వాళ్ళ పేర్లు చూడండి, లార్డ్ ఆల్నెస్, ఆర్చిబాల్డ్ సింక్లెయిర్, వాల్టర్ ఎలియట్, జాన్ కోల్విల్, ఎర్నెస్ట్ బ్రౌన్. ఒక్కడూ లేబర్ పార్టీ కాదు. లిబరళ్ళు, యూనియనిస్టులు (స్కాట్లండ్ కన్సర్వేటివులన్నమాట), అంటే జీవితమంతా ఈయన ఎవరినైతే తన పేపర్లో ఉతికి ఆరేశాడో ఆ బాపతు మనుషులే. నేను గ్లాస్గో వచ్చాక ఇక్కడి రాజకీయ నాయకుల గురించి బాగానే చదివాను, స్టర్జన్, సామండ్, గోర్డన్ బ్రౌన్, హంజా యూసఫ్, వీళ్ళందరి గురించీ మనవాళ్ళకి ఎంతో కొంత తెలుసు కూడా. కానీ నాకు అసలు వదలకుండా పట్టుకున్న మనిషి మాత్రం ఈ జాన్‌స్టనే, ఎందుకంటే శత్రువుని ఓడించడం కంటే శత్రువు చేత సంతకం పెట్టించుకోవడం మీద ఇంత శ్రద్ధ పెట్టిన ఫైర్‌బ్రాండ్ నాకు ఇంకొకడు కనపడలేదు. అది మంచికా చెడుకా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

ఊరు కిర్కింటిలాక్, గ్లాస్గోకి ఉత్తరాన కాలువ ఒడ్డున ఉండే చిన్న టౌను. 1881లో పుట్టాడు. కుర్రాడిగా ఉండగానే దూరపు చుట్టం ఒకాయన దగ్గర్నుంచి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు చేతికొచ్చింది, దాన్ని పెట్టుకుని 1906లో ‘ఫార్వర్డ్’ అని సోషలిస్టు వారపత్రిక మొదలెట్టాడు. పాతికేళ్ళకు పైగా దానికి ఎడిటర్ ఆయనే. మందు ప్రకటనలు వెయ్యను అని ముందే తేల్చి చెప్పాడు, పత్రిక నడిపేవాళ్ళకి తెలుస్తుంది ఆ మాట ఖరీదెంతో. 1909లో స్కాట్లండ్ జమీందారీ కుటుంబాల మీద ఒక పుస్తకం అచ్చేశాడు, ఈ భూములన్నీ వీళ్ళకి ఎలా వచ్చాయి, ఎవడి తాత ఎవడి దగ్గర లాక్కున్నాడు, ఏ రాజు కాళ్ళు పట్టుకున్నాడు అని వంశం వంశం వరసపెట్టి ఉతికేశాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. పెద్దయ్యాక ఆయనే ఆ పుస్తకం గురించి కొంచెం నొచ్చుకున్నాడు, ఒకవైపే రాశాను అని. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ ఫార్వర్డ్‌ పత్రికకి ఒక మంచి కథ ఉంది. 1915 క్రిస్మస్ రోజున లాయిడ్ జార్జ్, అప్పటికింకా ఆయుధాల శాఖ మంత్రి, గ్లాస్గోలో కార్మికులకి సర్దిచెప్పడానికి సెయింట్ ఆండ్రూస్ హాల్లో మీటింగ్ పెట్టాడు. ఫ్యాక్టరీల్లో స్కిల్ ఉన్నవాళ్ళ పనుల్లోకి స్కిల్ లేనివాళ్ళని తీసుకుంటాం, యుద్ధం కదా సర్దుకోండి అని చెప్పాలని ఆయన తాపత్రయం. జనం మాట్లాడనిస్తేగా, గోల గోల చేసి ఈలలేసి పాటలు పాడి పంపించారు. మిగతా పేపర్లు సెన్సార్ వాళ్ళు ఇచ్చిన తియ్యటి రిపోర్టు వేసుకుంటే ఫార్వర్డ్ మాత్రం జరిగింది జరిగినట్టు వేసింది. అంతే, 1916 జనవరిలో పోలీసులొచ్చి పత్రిక మూయించారు, అమ్మిన కాపీల కోసం కూడా వెతికారు. కొన్ని వారాల తర్వాత లాయిడ్ జార్జే జాన్‌స్టన్‌ని పిలిచి మాట్లాడి మళ్ళీ నడుపుకోమన్నాడు. మూయించినవాడితోనే కూర్చుని మాట్లాడి పని చేయించుకురావడం, ఈ విద్య అప్పుడే అలవడింది అనుకుంటా.

ఊళ్ళో కౌన్సిలర్‌గా చేసిన పనులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మునిసిపల్ బ్యాంకు పెడదాం, జనం దాచుకున్న డబ్బుతో ఊరి పనులు చేద్దాం అన్నాడు. చట్టం ప్రకారం అది పెద్ద నగరాలకే కుదురుతుంది, కిర్కింటిలాక్ లాంటి చిన్న టౌనుకి కాదు. అయితే ఏం, కంపెనీల చట్టం కింద ఒక కంపెనీగా రిజిస్టర్ చేయించి 1920లో బ్యాంకు తెరిచేశారు. పాము చావకుండా కర్ర విరక్కుండా అంటామే అదే. అదే టైములో ఊళ్ళో మందు షాపులు వద్దని ఓటింగ్ పెట్టి జనం చేత వద్దనిపించారు, ఆ నిషేధం 1960ల చివరి దాకా నడిచింది, నలభై ఏళ్ళకు పైగా. స్కాట్లండ్‌లో! ఇక్కడ నాతో పనిచేసే ఒక పెద్దాయన కిర్కింటిలాక్ వాడే, జనం ఊరి పొలిమేర దాటి పక్కూరికి పోయి తాగి నడుచుకుంటూ వచ్చేవాళ్ళట, వాళ్ళ నాన్న చెప్పేవాడట. మన దగ్గర మద్యనిషేధం రోజులు చూసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

1922లో వెస్ట్ స్టర్లింగ్‌షైర్ నుంచి ఎంపీ అయ్యాడు, గ్లాస్గో స్టేషన్‌లో జనం రైలెక్కించి పంపిన ఆ రెడ్ క్లైడ్‌సైడర్లు, అంటే క్లైడ్ నది వైపు సోషలిస్టు ఎంపీల బ్యాచిలోనే. 1924లో సీటు పోయింది. అదే ఏడాది చివర్లో డండీలో ఉపఎన్నిక వస్తే అక్కడ గెలిచాడు. డండీ అంటే మనకి సంబంధం ఉన్న ఊరే, జనపనార ఊరు. కలకత్తా నుంచి ఓడల్లో జనుము వెళ్ళేది, అక్కడ గోనెసంచులయ్యేవి. తర్వాత అదే డండీ షావుకార్లు, అదే డండీ ఓవర్సీర్లు హుగ్లీ ఒడ్డున మిల్లులు పెట్టేసి కలకత్తాలోనే చవగ్గా నేయించడం మొదలెట్టారు, దాంతో డండీ కార్మికుల నోట్లో మట్టి. ఊరు డబ్బు సంపాదిస్తూనే ఉంది, ఊళ్ళో జనానికి మాత్రం పని లేదు.

అప్పుడు జాన్‌స్టన్ ఏం చేశాడంటే, 1925లో డండీ జూట్ కార్మిక సంఘం సెక్రటరీ జాన్ సైమ్‌ని వెంటబెట్టుకుని బెంగాల్ బయల్దేరాడు. కూలీ లైన్లు తిరిగి, జీతాలు కనుక్కుని, కంపెనీల లెక్కలు తవ్వి వచ్చి రిపోర్టు వేశారు. వాళ్ళ లెక్క ఇదీ: 1915 నుంచి 1924 దాకా పదేళ్ళలో లాభాలూ రిజర్వులూ కలిపి షేర్‌హోల్డర్లకి వచ్చింది 30 కోట్ల పౌండ్లు, అంటే పెట్టుబడి మీద ఏడాదికి 90 శాతం. పనిచేసేది 3 లక్షల మంది పైచిలుకు, ఒక్కొక్కరికి ఏడాదికి సగటు జీతం 12 పౌండ్ల 10 షిల్లింగులు. కంపెనీలకి మిగిలే లాభం జీతాల మొత్తానికి ఎనిమిది రెట్లు. ఈ లెక్క చదివినప్పుడు నేను కాసేపు లేచి అటూ ఇటూ తిరిగాను, ఎందుకంటే ఆ 3 లక్షల మందిలో మనవాళ్ళు కూడా ఉన్నారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కలకత్తా మిల్లులకి వెళ్ళినవాళ్ళు వేలల్లో, టిటాగఢ్ వైపు ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. మాది భీమిలి వైపు, మా దగ్గర గోగునారకి భీమిలి జూట్ అనే పేరు, చిట్టివలస మిల్లు సైరన్ వింటూ పెరిగినవాళ్ళం, మా ఇళ్ళల్లో పాత తరంలో కలకత్తా వెళ్ళి రానివాడు లేడు. మనకి వీళ్ళ సంగతి తాతల కబుర్లుగా తెలుసు, డండీ ఎంపీ ఒకాయన వచ్చి లెక్కగట్టి అచ్చేశాడన్న సంగతి మాత్రం ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు.

అయితే పూర్తిగా దయతో వచ్చాడని అనుకోనక్కర్లేదు. డండీ ఓటర్ల ఉద్యోగాలు కలకత్తా తినేస్తోందన్న బాధే ఆయన్ని ఓడెక్కించింది. కానీ అక్కడ చూశాక, ఇండియా కూలీ మనకి పోటీ, సుంకాలు వేసి ఆపండి అనేసి ఊరుకోకుండా, వాళ్ళ జీతాలు పెరిగితేనే మన పని నిలబడుతుంది, వాళ్ళకి యూనియన్లు కావాలి అన్న చోటికి వచ్చాడు. ఓట్ల కోసం మొదలెట్టి న్యాయం దగ్గర తేలిన రాజకీయం, అదీ మంచిదే.

ఇక మధ్యలో మంత్రిగిరీ గురించి త్వరగా చెప్పేస్తా, పెద్దగా ఏం జరగలేదు. 1929 లేబర్ ప్రభుత్వంలో స్కాట్లండ్ అండర్ సెక్రటరీ, 1931 మార్చిలో లార్డ్ ప్రివీ సీల్ అనే పదవితో క్యాబినెట్‌లోకి, నిరుద్యోగం సంగతి చూడమన్నారు. ఆ మాంద్యంలో ఎవడు మాత్రం ఏం చూస్తాడు. ఆగస్టులో లేబర్ ప్రధాని మెక్‌డొనాల్డ్ గోడ దూకి కన్సర్వేటివులతో నేషనల్ గవర్నమెంట్ పెట్టాడు, జాన్‌స్టన్ దూకలేదు, ఎన్నికల్లో సీటు పోయింది. 1935లో మళ్ళీ గెలిచాడు. 1939లో స్కాట్లండ్‌కి సివిల్ డిఫెన్స్ కమిషనర్‌గా వేశారు, అక్కణ్ణుంచే చర్చిల్ పిలుపు. ఇందులో చిన్న తమాషా ఉంది, 1922లో ఇదే డండీలో చర్చిల్‌ని ఓడించి పంపించారు, అప్పుడు గెలిచిన మోరెల్ చనిపోతేనే 1924లో ఉపఎన్నిక వచ్చి జాన్‌స్టన్ గెలిచాడు. ఆ రకంగా చర్చిల్ పోగొట్టుకున్న కుర్చీలో కూర్చున్న మనిషికే చర్చిల్ స్కాట్లండ్ అప్పగించాడు.

పదవిలోకి వచ్చిన నెలకే, మార్చి 13, 14 రాత్రుల్లో గ్లాస్గో పక్కనే ఉన్న క్లైడ్‌బ్యాంక్ మీద జర్మన్ బాంబులు. ఆ ఒక్క టౌనులోనే 500 మందికి పైగా పోయారు, ఊళ్ళో 12 వేల ఇళ్ళుంటే దెబ్బ తగలనివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి దాడులు వరసగా వస్తాయనే భయంతో స్కాట్లండ్ అంతా ఎమర్జెన్సీ ఆసుపత్రులు కట్టి పెట్టారు, ఇన్‌వర్నెస్‌లో రెయిగ్‌మోర్, లానార్క్‌షైర్‌లో లా, ఇలా. అదృష్టం బాగుండి అనుకున్నంత మంది గాయపడినవాళ్ళు రాలేదు, వార్డులు ఖాళీ, డాక్టర్లు నర్సులు ఖాళీ. బయటేమో మామూలు జనం ఆపరేషన్ల కోసం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో. మన మంత్రి ఫైలు పైకి పంపి జవాబు కోసం కూర్చోలేదు. ముందు క్లైడ్ లోయ ఫ్యాక్టరీ కార్మికులకి తెరిచాడు, యుద్ధానికి పనిచేసేవాళ్ళు కదా అని సాకు, తర్వాత మెల్లగా వెయిటింగ్ లిస్టులన్నిటికీ తెరిచాడు. యుద్ధం అయ్యేలోపు 30 వేల మందికి పైగా అలా ఉచితంగా వైద్యం చేయించుకున్నారు. ఎన్‌హెచ్ఎస్, అంటే బ్రిటన్‌లో అందరికీ ఉచిత ప్రభుత్వ వైద్యం, 1948లో వచ్చింది అంటారు గానీ స్కాట్లండ్‌లో రిహార్సల్ అప్పుడే అయిపోయింది.

లండన్ క్యాబినెట్ కమిటీల్లో ఆయన టెక్నిక్ గురించి సహచర మంత్రి హెర్బర్ట్ మోరిసన్ తర్వాత రాసుకున్నాడు. ఏదన్నా కావాలంటే స్కాట్లండ్‌లో జాతీయవాదం ఎలా పెరిగిపోతోందో, ఐర్లండ్‌లో స్వాతంత్ర్యం కోసం లేచిన సిన్ ఫెయిన్ పార్టీ లాంటిది ఇక్కడ లేస్తే ఏంటి పరిస్థితి అని కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడట, మిగతా వాళ్ళు హడలిపోయి ఇచ్చేసేవాళ్ళట. కేంద్రం దగ్గర ప్రాంతం పేరు చెప్పి పని చేయించుకోవడం మనకి తెలీని విద్యేం కాదు, కాకపోతే మనవాళ్ళు బయటికొచ్చి మైకు ముందు అరుస్తారు, ఈయన తలుపులు వేసుకుని చెప్పేవాడు.

అసలు పెద్ద పని కరెంటు. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ ఉత్తరాన కొండ ప్రాంతంలో, వానలు, కొండలు, సరస్సులు, నీళ్ళకి కొదవ లేదు, అయినా ఉత్తరాన ఆరు ఫారాలకి ఒక్కదానికి, క్రాఫ్టులు అనే చిన్న కమతాలైతే నూటికి ఒక్కదానికి మాత్రమే కరెంటు ఉండేది. జలవిద్యుత్ కోసం యుద్ధానికి ముందు బిల్లు మీద బిల్లు పార్లమెంటుకి వచ్చింది, ప్రతిదీ చచ్చింది. జమీందార్లకి వాళ్ళ లోయలు పాడవుతాయని భయం, సాల్మన్ చేపలు పట్టే దొరలకి చేపల భయం, బొగ్గు ప్రాంతాల ఎంపీలకి బొగ్గు భయం, ప్రకృతి ప్రేమికులకి వ్యూ పాడవుతుందని. అందరూ కలిసి ఓటేసేవాళ్ళు, ఒక్కొక్కడికి ఒక్కో కారణం.

జాన్‌స్టన్ లార్డ్ కూపర్ అనే జడ్జి కింద కమిటీ వేశాడు, 1942 చివర్లో రిపోర్టు, 1943లో చట్టం, నార్త్ ఆఫ్ స్కాట్లండ్ హైడ్రో ఎలక్ట్రిక్ బోర్డు. చట్టంలో కీలకం ఏంటంటే, దక్షిణాన నగరాలకి కరెంటు అమ్మి సంపాదించిన లాభంతో ఉత్తరాన మారుమూల ఇళ్ళకి నష్టానికైనా సరే లైన్లు లాగాలి, పైగా ఆ ప్రాంతం ఆర్థికంగా సామాజికంగా బాగుపడటానికి బోర్డు పాటుపడాలి అని రాసిపెట్టారు. కరెంటు బోర్డు చట్టంలో అలాంటి మాట ఉండటం చూస్తేనే నాకు ముచ్చటేసింది. ఇక చైర్మన్‌గా ఎవరిని వేశాడనుకున్నారు? ఎర్ల్ ఆఫ్ ఎయిర్లీ. జమీందారుని! 1909లో ఆ పుస్తకం రాసిన చేత్తోనే. అడ్డుపడే వర్గం వాడినే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఆ వర్గం ఇంకేం అరుస్తుంది.

1945లో యుద్ధం ఆఖరుకి లేబర్ గాలి వీస్తోంది, నిలబడితే గెలుపు గ్యారంటీ. ఆ టైములో ఎన్నికల్లో నిలబడలేదు. లార్డ్స్ సభకి రమ్మన్నా వద్దన్నాడు. 1946లో ఆ హైడ్రో బోర్డుకే చైర్మన్‌గా వెళ్ళి 1959 దాకా ఉన్నాడు, 78 ఏళ్ళొచ్చే వరకు. టూరిస్టు బోర్డు, ఫారెస్ట్రీ కమిషన్ కూడా చూశాడు. ఎంపీగా పోగేసుకున్న దానికంటే ఆ బోర్డు కుర్చీలో చేసిందే ఎక్కువ అని నా లెక్క, ఆయనకీ అదే అనిపించి ఉంటుంది లేకపోతే ఎవడు వదులుకుంటాడు.

మొదటి పెద్ద స్కీము లాక్ స్లాయ్ (లాక్ అంటే ఇక్కడ సరస్సు), 1950 అక్టోబర్లో రాణి ఎలిజబెత్, అంటే ఆరో జార్జి భార్య, వచ్చి ఆన్ చేసింది. గ్లాస్గో నుంచి లాక్ లోమండ్ పక్కన A82 రోడ్డు మీద పైకి వెళ్తుంటే ఇన్‌వరుగ్లాస్ దగ్గర ఎడంపక్క కొండ మీదనుంచి నాలుగు లావుపాటి గొట్టాలు నిటారుగా దిగి పవర్‌హౌస్‌లోకి దూరతాయి, రోడ్డు దాటగానే సరస్సు. కారాపి చూస్తే ఆ గొట్టాల వాలు అర్థమవుతుంది, పైన కొండల మధ్య డ్యామ్ కనపడదు, రెండు మూడు మైళ్ళ పైన ఎక్కడో ఉంటుంది. మొదట్లో అక్కడ జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీల చేత పని చేయించారు, తర్వాత స్కీముల్లో పోలిష్ వాళ్ళు, ఐర్లండ్ డోనెగాల్ నుంచి వచ్చిన సొరంగం కూలీలు. టన్నెల్ టైగర్లు అనేవాళ్ళు వాళ్ళని. 1955లో సెయింట్ ఫిలన్స్ దగ్గర ఏడు రోజుల్లో 557 అడుగులు తవ్వి ప్రపంచ రికార్డు కొట్టారు. డబ్బులు బాగా వచ్చేవి, ప్రాణాలు కూడా బాగానే పోయాయి.

పిట్‌లాక్రీలో డ్యామ్ కడతామంటే ఊరు ఊరంతా తిరగబడింది, టూరిస్టులు రారు, మా బతుకు పోయినట్టే అని. ఇప్పుడు అక్కడికి టూరిస్టులు వచ్చేదే ఆ డ్యామ్ చూడ్డానికి. చేపల కోసం పక్కన మెట్లలాగా 34 తొట్లు కట్టారు, ఒక్కోటి ముందుదానికంటే కాస్త ఎత్తు, సాల్మన్ ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి పాక్కుంటూ ఎక్కి పైన ఫాస్కలీ సరస్సులో పడుతుంది. అద్దంలోంచి చూసే ఏర్పాటు కూడా ఉండేది, పిల్లలు ముక్కులు ఆనించి నిలబడేవాళ్ళు, మేం వెళ్ళినప్పుడు మాత్రం చేప రాలేదు, బురదనీళ్ళు చూసి వచ్చాం. మొత్తానికి 1965 నాటికి 54 పవర్ స్టేషన్లు, 78 డ్యాములు లేచాయి.

ఇప్పుడు నా గొడవ. సంతకాలు పెట్టించుకోవడం గొప్పే, కానీ దానికి ధర ఉంది. కరెంటు వచ్చింది, భూమి మాత్రం కదల్లేదు. యుద్ధకాలంలో ఆయన చేతిలో ఉన్నంత పవర్ స్కాట్లండ్‌లో ఏ మంత్రి చేతిలోనూ ముందూ వెనకా లేదు, పుస్తకంలో రాసిన ఆ భూముల సంగతి ముట్టుకోలేదు, అందరూ ఒప్పుకున్నదే చేద్దాం అన్నాక ఎయిర్లీ లాంటి వాళ్ళు ఒప్పుకోనిది ఎజెండా మీదకే రాదు కదా. ఇవాళ్టికీ స్కాట్లండ్ ప్రైవేటు భూముల్లో సగం 500 మంది లోపు చేతుల్లో ఉందంటారు. సొంత పార్లమెంటు వచ్చాక 2003లో, 2016లో చట్టాలు చేశారు, ఇంకా చేస్తూనే ఉన్నారు. హైలాండ్స్ నుంచి కుర్రాళ్ళు వలస పోవడం కూడా బల్బు వెలిగినంత మాత్రాన ఆగిపోలేదు. స్కాట్లండ్‌కి సొంత పాలన కావాలని యవ్వనంలో అరిచినాయన మంత్రి అయ్యాక ఆ మాట లండన్‌ని భయపెట్టడానికి మాత్రమే వాడుకున్నాడు. ఇవన్నీ ఆయన అభిమానులు చెప్పరు. అయినా భూమి కోసం కొట్లాడి ఓడిపోయి ఉంటే ఆ క్రాఫ్టుల్లో ముసలమ్మ ఇంకో ఇరవై ఏళ్ళు కిరసనాయిలు దీపం కిందే కూర్చునేదేమో, అదీ నిజమే, ఈ రెండిట్లో ఏది రైటో నేను తేల్చుకోలేకపోతున్నా.

1965 సెప్టెంబర్లో పోయాడు, 83 ఏళ్ళు. తర్వాతి నెలలో క్రుఆకన్ కొండ కడుపులో కట్టిన 400 మెగావాట్ల స్టేషన్ ఓపెన్ అయింది. 1991లో థాచర్ పార్టీ ప్రభుత్వం హైడ్రో బోర్డుని షేర్లుగా అమ్మేసింది, అదే ఇంకో కంపెనీతో కలిసి ఇప్పటి ఎస్ఎస్ఈ అనే కరెంటు కంపెనీ. అమ్మేశాక దక్షిణం లాభంతో ఉత్తరానికి లైన్లు లాగే ఆ పాత క్రాస్ సబ్సిడీ ఎలా అని ప్రశ్న వచ్చింది, చివరికి ఉత్తరాన లైన్ల ఖర్చు ఎక్కువ కాబట్టి ఆ భారంలో కొంత గ్రేట్ బ్రిటన్ మొత్తం మీద పంచేలా ఒక స్కీము పెట్టారు, పేరు హైడ్రో బెనిఫిట్ రీప్లేస్‌మెంట్ స్కీమ్. జాన్‌స్టన్ పెట్టిన రూలు ఆ రకంగా లండన్‌లో ఉండేవాడి కరెంటు బిల్లులో ఇప్పటికీ కొన్ని పెన్నీలుగా ఉందన్నమాట. అయినా ఉత్తరాన ఉన్నవాళ్ళకి స్టాండింగ్ ఛార్జీ, అంటే కరెంటు వాడినా వాడకపోయినా కట్టేది, ఎక్కువే పడుతోంది, మా ఇంటి కొండ మీద గాలిమరలు తిరుగుతుంటే మాకే ఎక్కువ బిల్లా అని ఇన్‌వర్నెస్ వైపు వాళ్ళు ఎంపీలని నిలదీస్తూనే ఉన్నారు.